ఇటాలియన్ ఓపెనింగ్‌తో మొదటి రేటింగ్ టోర్నమెంట్: విజయనగరం, శ్రీకాకుళం ఆటగాళ్ల తరచుగా అడిగే ప్రశ్నలు

స్కూలు చెస్ పోటీల్లో బాగా ఆడి, మొదటిసారి ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్ టోర్నమెంటుకు పేరు ఇవ్వబోతున్న పిల్లల కోసం, వాళ్ల వెంట వెళ్లే అమ్మానాన్నల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. తెల్లపావుల ఆటగాడి ఎడమచేతి నుంచి నిలువు వరుసలు ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, జీ, హెచ్. అతని వైపు నుంచి అడ్డు వరుసలు 1 నుంచి 8. ఉత్త గడి పేరే ఉంటే అది బంటు ఎత్తు. మంత్రి అంటే క్వీన్. × అంటే కొట్టడం, సంఖ్య పక్కన మూడు చుక్కలుంటే నల్లవాడి ఎత్తు, ! మంచి ఎత్తు, ? తప్పు ఎత్తు. పక్కన బోర్డు పెట్టుకుని, పావులు జరుపుతూ చదవండి. ఉత్తినే చదివితే సగం కూడా తలకెక్కదు.

మా బాబుకు ఒక్క ఓపెనింగూ పూర్తిగా రాదు. దేనితో మొదలుపెట్టాలి?

తెల్లపావులకు ఇటాలియన్. 1. ఈ4 ఈ5 2. గుర్రం ఎఫ్3, గుర్రం సీ6 3. బిషప్ సీ4. 1600ల తొలినాళ్లలో ఇటలీవాడు గ్రీకో రాసిపెట్టిన ఆటల్లోనే ఇది ఉంది. ఈనాటి గ్రాండ్‌మాస్టర్లూ ఆడుతున్నారు. 2000లో లండన్‌లో కాస్పరోవ్ మీద క్రామ్నిక్ నల్లపావులతో బెర్లిన్ డిఫెన్స్ వాడి ప్రపంచ టైటిల్ గెలిచాక, మూడో ఎత్తుకు బిషప్‌ను బీ5కి తెచ్చే రూయ్ లోపెజ్ ఓపెనింగ్‌లో తెల్లవాళ్లకు దారి ఇరుకైంది. ఆ తర్వాతి ఏళ్లలో పెద్ద ఆటగాళ్లు చాలామంది ఇటాలియన్ వైపు తిరిగారు. అంటే ఇప్పుడు నేర్చుకున్నది రేపు రేటింగ్ 2000 దాటినా పారేయక్కర్లేదు.

పిల్లలకు ఇది నప్పడానికి అసలు కారణం వేరే ఉంది. ఇందులో ప్రతి ఎత్తుకూ ఒక్క వాక్యంలో కారణం చెప్పొచ్చు. కారణం తెలిసిన పిల్లాడు ఎదుటివాడు తెలియని ఎత్తు వేసినా తడబడడు. కంఠతా పట్టినవాడు మాత్రం ఆరో ఎత్తు దగ్గరే ఆగిపోతాడు.

మొదటి ఐదు ఎత్తులకు ఆ కారణాలేమిటి?

ఈ4 మధ్యలో చోటు పట్టి, బిషప్‌కూ మంత్రికీ దారి తెరుస్తుంది. గుర్రం ఎఫ్3 నల్ల ఈ5 బంటు మీద దాడి, పైగా క్యాస్లింగ్‌కు (రాజును ఏనుగు వైపు రెండు గడులు జరిపి, ఏనుగును రాజు అవతల పెట్టడానికి) ఒక అడుగు. బిషప్ సీ4 చూపు ఎఫ్7 మీద ఉంటుంది. ఆట మొదట్లో ఆ గడికి రాజు తప్ప వేరే కాపలా లేదు.

ఎక్కువమంది 3... బిషప్ సీ5 వేస్తారు. అప్పుడు 4. సీ3. దీనివల్ల రెండు లాభాలు: తర్వాత డీ4 తోయడానికి ఊతం, సీ4 బిషప్ మీదికి దాడి వస్తే వెనక్కి పోవడానికి సీ2 గడి. 4... గుర్రం ఎఫ్6 తర్వాత 5. డీ3 వేసి ఈ4 బంటును గట్టిపరచాలి.

5. డీ4 వెంటనే తోసేయకూడదా?

తొయ్యొచ్చు, తప్పు ఎత్తు కాదు. 5. డీ4 ఈ×డీ4 6. సీ×డీ4 వచ్చాక నల్లవాడు భయపడి బిషప్‌ను బీ6కి లాగితే 7. డీ5, ఆపైన 8. ఈ5 అని బంట్లు గుర్రాలను తరుముకుంటూ పోతాయి, తెల్లవాడి ఆట హాయిగా సాగుతుంది. కానీ తెలిసినవాడు 6... బిషప్ బీ4 చెక్ ఇస్తాడు. 7. బిషప్ డీ2 అడ్డం పెడితే 7... బిషప్×డీ2 చెక్ 8. గుర్రం (బీ1ది)×డీ2 డీ5! అక్కడితో తెల్లవాడి మధ్య బంట్ల బలం విరిగిపోతుంది. 9. ఈ×డీ5 గుర్రం×డీ5 తర్వాత డీ4 బంటు ఒంటరి, దాని ముందు గడిలో నల్లగుర్రం కదలకుండా కూర్చుంటుంది. తెల్లవాడు ఓడిపోయినట్టు కాదు గానీ, మొదటి టోర్నమెంటులో ఒంటరి బంటును మోసుకుంటూ ఆడటం పిల్లలకు కష్టం. అందుకే డీ3 వేసి, పావులన్నీ బయటికొచ్చాక డీ4 తొయ్యమంటాం.

డీ3 వేశాక ఏం చెయ్యాలో మా పాపకు తోచడం లేదు. పావులు అటూ ఇటూ జరుపుతోంది.

ఈ ప్రశ్న అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. తెల్లవాడి పని వరుస ఇది: 6. క్యాస్లింగ్, 7. హెచ్3, 8. ఏనుగు ఈ1, 9. గుర్రం (బీ1ది) డీ2, 10. గుర్రం ఎఫ్1, 11. గుర్రం జీ3. ఈ గుర్రం తిరిగేది చుట్టుదారే. అయినా జీ3 నుంచి అది ఎఫ్5 గడిని చూస్తుంది, ఈ4 బంటును కాస్తుంది, డీ2లో ఉన్నప్పుడు సీ1 బిషప్‌కు మూసిన దారి మళ్లీ తెరుస్తుంది. ఏనుగు ఈ1కి జరిగితేనే ఎఫ్1 గడి ఖాళీ అవుతుంది కాబట్టి ఏనుగు ముందు, గుర్రం వెనక.

హెచ్3 ముందు, ఏనుగు ఈ1 తర్వాత అనడానికీ కారణం ఉంది. ఎఫ్1 ఏనుగు ఎఫ్2 బంటుకు కాపలా. హెచ్3 వెయ్యకుండా ఏనుగు జరిగితే నల్లవాడు గుర్రం జీ4 అంటాడు. సీ5 బిషప్, జీ4 గుర్రం రెండూ ఎఫ్2 మీద పడతాయి, కాపలాకు రాజొక్కడే మిగులుతాడు. అప్పుడు ఏనుగు మళ్లీ ఈ2కి జరగాలి, ఒక ఎత్తు వృథా. పిల్లలు ఎక్కువగా ఆట పోగొట్టుకునే చోట్లలో ఇదొకటి.

ఏ4 ఎప్పుడు? నల్లవాడు బీ5 తోసి బిషప్‌ను తరుముతాడనిపించినప్పుడు, లేదా గుర్రం ఏ5కి వచ్చి బిషప్‌ను కొట్టబోతున్నప్పుడు. ఏ4 వేస్తే బిషప్‌కు ఏ2 గడి దొరుకుతుంది. ఎఫ్7ను చూసే ఆ బిషప్‌ను గుర్రానికి మార్చుకుంటే ఓపెనింగ్‌లో పదును సగం పోయినట్టే.

నల్లవాడు డీ5 తోస్తే? ఈ×డీ5 గుర్రం×డీ5 తర్వాత ఈ5 బంటును లెక్కపెట్టండి. మీ ఏనుగు ఈ1లో, గుర్రం ఎఫ్3లో ఉంటే దాడి రెండు. నల్లవాడికి సీ6 గుర్రం ఒక్కటే కాపలా అయితే బంటు మీదే. ఏనుగు ఈ8కి వచ్చి ఉంటే లెక్క సమం, తొందరపడొద్దు. ఇక డీ4 తోయాల్సింది గుర్రం జీ3 చేరి, నల్లపావులు మంత్రి వైపు తిరిగి ఉన్నప్పుడు.

బిషప్ జీ4కి వచ్చి ఎఫ్3 గుర్రాన్ని కట్టేస్తే?

కట్టేయడమంటే గుర్రం కదిలితే వెనకున్న మంత్రి పోతుందన్నమాట. హెచ్3 వేసి ఆ బిషప్‌ను కదలమని అడగండి. అది హెచ్5కి వెనక్కి పోతే వెంటనే జీ4 తొయ్యకండి. మీరు చిన్నవైపు క్యాస్లింగ్ చేసి ఉంటే నల్లవాడు గుర్రం×జీ4, హెచ్×జీ4, బిషప్×జీ4 అని గుర్రానికి రెండు బంట్లు తీసుకుని, మీ రాజు ముందర గోడ కూల్చేస్తాడు. కట్టు కూడా అలాగే మిగులుతుంది. గుర్రాన్ని డీ2, ఎఫ్1 మీదుగా జీ3కి తెస్తే అదే హెచ్5 బిషప్‌ను తరుముతుంది. మీరింకా క్యాస్లింగ్ చెయ్యకుండా, నల్లవాడు చేసి ఉంటే మాత్రం జీ4 తోయడం దాడిగా బాగుంటుంది.

నల్లపావులతో ఆడుతుంటే గుర్రం జీ5 వచ్చి ఎఫ్7 కొట్టేస్తున్నారు. ఎలా కాచుకోవాలి?

స్కూలు పోటీల్లో దీనికి భయపడని పిల్లలు తక్కువ. భయం పోవాలంటే రెండు దారులు.

మొదటిది సులువు. 3. బిషప్ సీ4కు 3... బిషప్ సీ5 ఆడండి. అప్పుడు గుర్రం జీ5కి వస్తే డీ8లో ఉన్న మంత్రి దాన్ని ఊరికే కొట్టేస్తుంది, దారిలో అడ్డమేమీ లేదు. తర్వాత మీ గుర్రం ఎఫ్6కి వచ్చాక ఆ దారి మూసుకుంటుంది, తెల్లగుర్రం జీ5కి రావచ్చు, కానీ అప్పటికి మీరు క్యాస్లింగ్‌తో ఎఫ్7ను కాయొచ్చు.

రెండోది 3... గుర్రం ఎఫ్6. ఇది చురుకైనది, అయితే నాలుగైదు ఎత్తులు ఖచ్చితంగా తెలియాలి. 4. గుర్రం జీ5 డీ5 5. ఈ×డీ5. ఇక్కడ 5... గుర్రం×డీ5 వేస్తే 6. గుర్రం×ఎఫ్7 రాజు×ఎఫ్7 7. మంత్రి ఎఫ్3 చెక్. డీ5 గుర్రాన్ని కాపాడాలంటే రాజు ఈ6కి, బోర్డు నడిమధ్యకు రావాలి. 8. గుర్రం సీ3తో డీ5 మీద మూడో దాడి. నల్లవాడికి ఒక పావు ఎక్కువే, అయినా గడియారం నడుస్తుండగా ఆ రాజును కాయడం పిల్లల వల్ల కాదు.

అందుకని 5... గుర్రం ఏ5! సీ4 బిషప్ మీద దాడి. 6. బిషప్ బీ5 చెక్ సీ6 7. డీ×సీ6 బీ×సీ6 8. బిషప్ ఈ2 హెచ్6 9. గుర్రం ఎఫ్3 ఈ4 10. గుర్రం ఈ5. నల్లవాడికి ఒక బంటు తక్కువ. బదులుగా తెల్లగుర్రం ఒక్కటే నాలుగుసార్లు కదిలింది, నల్లపావులన్నిటికీ దారులు తెరిచి ఉన్నాయి. వెంటనే బిషప్ డీ6 వేసి ఆ గుర్రాన్ని మళ్లీ తరమండి. 8. మంత్రి ఎఫ్3 వస్తే బీ5 బిషప్‌ను సీ6 బంటుతో కొట్టకండి, ఏ8 ఏనుగు పోతుంది. 8... ఏనుగు బీ8 మంచి జవాబు. బంటు పోయిందని దిగులుపడి దాన్ని తిరిగి తెచ్చుకోవాలని చూసే పిల్లలు ఇక్కడ ఓడిపోతారు. పావులు చకచకా బయటికి తెచ్చేవాళ్లు గెలుస్తారు.

నాలుగెత్తుల మేట్‌కు విరుగుడు?

1. ఈ4 ఈ5 2. మంత్రి హెచ్5 వస్తే 2... గుర్రం సీ6 వేసి ఈ5 బంటును కాయండి. 2... జీ6 వేస్తే మంత్రి×ఈ5 చెక్, ఆపైన మూల ఏనుగు కూడా పోతుంది. 3. బిషప్ సీ4 వచ్చాక ఇప్పుడు 3... జీ6. ఇక్కడ గుర్రం ఎఫ్6 వేస్తే ఎఫ్7లో మేట్. 4. మంత్రి ఎఫ్3కు 4... గుర్రం ఎఫ్6, తర్వాత బిషప్ జీ7, డీ6, క్యాస్లింగ్. వాళ్ల మంత్రి తిరుగుతున్న కొద్దీ మీకు ఎత్తులు మిగులుతాయి.

ఈ5 బంటు ఊరికే ఇస్తున్నట్టు 3... గుర్రం డీ4 వేస్తున్నారు. కొట్టాలా?

వద్దు. 4. గుర్రం×ఈ5 మంత్రి జీ5 5. గుర్రం×ఎఫ్7 మంత్రి×జీ2 6. ఏనుగు ఎఫ్1 మంత్రి×ఈ4 చెక్ 7. బిషప్ ఈ2 గుర్రం ఎఫ్3 మేట్. రాజు చుట్టూ సొంత పావులే దారి మూస్తాయి. 4. గుర్రం×డీ4 ఈ×డీ4 5. క్యాస్లింగ్ చాలు, తెల్లవాడికే ఆట బాగుంటుంది. ఎదుటివాడు ఒకే గుర్రాన్ని రెండుసార్లు కదిపి, పైగా బంటు వదిలేశాడంటే, కొట్టేముందు అతని మంత్రి ఏ గడికి వస్తుందో చూడాలి.

ఈ4కు ఈ5 రాకుండా వేరే ఎత్తు వస్తే?

అన్నిట్లోనూ బిషప్ సీ4 వెయ్యకండి. ముఖ్యంగా 1... ఈ6, 1... సీ6 వచ్చినప్పుడు డీ5 అని ఆ బిషప్‌నే తోసేస్తారు. ఆ రెండింటికీ 2. డీ4 డీ5 3. ఈ5 సరిపోతుంది. 1... సీ5 వస్తే 2. సీ3, తర్వాత డీ4. 1... డీ5 వస్తే 2. ఈ×డీ5 మంత్రి×డీ5 3. గుర్రం సీ3, మంత్రి కదలక తప్పదు. మొదటి ఏడాదికి ఇంత చాలు.

తెల్లవాడు 1. డీ4 వేస్తే నల్లపావులతో?

డీ5 2. సీ4 ఈ6 3. గుర్రం సీ3, గుర్రం ఎఫ్6. పునాది గట్టిగా ఉండే ఆట ఇది. ఇందులో నల్లవాడికి పనికొచ్చే ఒక వల కూడా ఉంది: 4. బిషప్ జీ5, గుర్రం (బీ8ది) డీ7 5. సీ×డీ5 ఈ×డీ5 6. గుర్రం×డీ5? ఎఫ్6 గుర్రం కట్టులో ఉందనుకుని కొడతారు. 6... గుర్రం×డీ5! 7. బిషప్×డీ8, బిషప్ బీ4 చెక్. అడ్డం పెట్టడానికి మంత్రి తప్ప వేరే లేదు. 8. మంత్రి డీ2, బిషప్×డీ2 చెక్ 9. రాజు×డీ2, రాజు×డీ8. లెక్క చూస్తే ఒక బంటు పోయి ఒక గుర్రం మిగిలింది.

టోర్నమెంట్ హాల్లో ఓపెనింగ్ వల్ల కాకుండా ఆటలు ఎక్కడ పోతాయి?

పావు ముట్టుకోవడం దగ్గర. ఎత్తు వెయ్యాలనే ఉద్దేశంతో మీ పావును ముట్టుకుంటే అదే కదపాలి, ఎదుటి పావును ముట్టుకుంటే కొట్టాలి, నియమం ప్రకారం వీలైతే. పావు గడి మధ్యలో లేకపోతే, మీ వంతు వచ్చినప్పుడు, ముట్టుకునే ముందే సర్దుతున్నానని చెప్పాలి. ముట్టుకున్నాక చెబితే చెల్లదు.

క్యాస్లింగ్ ఎప్పుడూ రాజుతో మొదలుపెట్టాలి, ఒకే చేత్తో. ముందు ఏనుగును పట్టుకుంటే ఆ వైపు క్యాస్లింగ్ ఇక ఆ ఎత్తులో కుదరదు, ఏనుగే కదపాలి. ఇంట్లో రెండు చేతులతో చేసే అలవాటు ఉన్న పిల్లలకు దీన్ని వారం రోజులైనా నేర్పించి పంపండి.

బంటు ఎనిమిదో వరుస చేరినప్పుడు పక్కన మంత్రి లేకపోతే ఏనుగును తిరగేసి పెట్టకండి. గడియారం నొక్కాక అది ఏనుగుగానే లెక్క. గడియారం ఆపి ఆర్బిటర్‌ను (పోటీ న్యాయనిర్ణేతను) మంత్రి అడగడం మీ హక్కు.

చెల్లని ఎత్తు వేస్తే వెంటనే ఓడినట్టేనా?

కాదు. వేసి గడియారం నొక్కితేనే అది పూర్తయినట్టు. మొదటిసారికి ఎదుటివాడికి 2 నిమిషాలు అదనంగా ఇస్తారు, రెండోసారి చేస్తే ఆట పోతుంది. బ్లిట్జ్‌లో (కొద్ది నిమిషాల్లో ముగిసే ఆటలో) ఆ అదనం 1 నిమిషం. ఎదుటివాడు చెల్లని ఎత్తు వేస్తే గొడవపడొద్దు, గడియారం ఆపి చెయ్యెత్తండి. పిల్లలు మొహమాటంతో ఊరుకుంటారు. ఆర్బిటర్ ఉన్నది అందుకేనని ముందే చెప్పి పంపాలి.

గడియారం సంగతి?

క్లాసికల్‌లో (నిదానంగా సాగే పెద్ద ఆటలో) ఎక్కువగా కనిపించేది 90 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ 30 సెకన్ల చేర్పు. 60 ఎత్తుల ఆటకు ఒక్కొక్కరికి 120 నిమిషాలు వస్తాయి, అంటే ఒక ఆట నాలుగు గంటలు పట్టొచ్చు. రోజుకు రెండు రౌండ్లుంటే ఎనిమిది గంటలు. మా సలహా లెక్క: పదో ఎత్తుకు 80 నిమిషాలకు తగ్గకుండా, ఇరవయ్యో ఎత్తుకు 60 నిమిషాల దగ్గర, నలభైకి కనీసం 15 నిమిషాలు మిగలాలి. పిల్లల్లో ఎక్కువమందికి టైం చాలకపోవడం కాదు, టైం వాడకపోవడమే జబ్బు. గంటన్నర చేతిలో ఉంచుకుని ఇరవై నిమిషాల్లో ఓడి బయటికొస్తారు. ఎత్తు స్కోర్‌షీట్ మీద రాశాక, ఎదుటివాడి జవాబు వచ్చేవరకు చేతులు ఒళ్లో పెట్టుకునే అలవాటు చేయించండి, వేగం దానంతటదే తగ్గుతుంది.

ఏ చేత్తో పావు కదిపితే ఆ చేత్తోనే గడియారం నొక్కాలి. నొక్కడం మరిచిపోయి కూర్చుంటే మీ టైమే కరిగిపోతుంది, ఎదుటివాడు గుర్తుచెయ్యక్కర్లేదు.

స్కోర్‌షీట్ ఎలా రాయాలి? మా వాడు మధ్యలో వదిలేస్తున్నాడు.

30 సెకన్ల చేర్పు ఉన్న ఆటలో చివరి ఎత్తు వరకు రాయాల్సిందే. చేర్పు లేని, లేదా 30 సెకన్లకంటే తక్కువున్న క్లాసికల్ ఆటలో మాత్రం 5 నిమిషాలకంటే తక్కువ మిగిలితే మానొచ్చు. ర్యాపిడ్ (క్లాసికల్ కంటే వేగం, బ్లిట్జ్ కంటే నిదానం), బ్లిట్జ్‌లలో రాయక్కర్లేదు. ఎత్తు ముందు వెయ్యాలి, తర్వాత రాయాలి. ముందే రాసుకుని ఆలోచించడం నిషేధం, డ్రా క్లెయిమ్ చేసేటప్పుడు తప్ప. ఎత్తులు రాసే పద్ధతి తప్పుల్లేకుండా రావాలంటే ఇంట్లో తాతయ్యతో ఆడినా కాగితం మీద రాయించండి. రాయకపోతే పోయిన ఆటను మళ్లీ చూసుకోవడానికి ఏమీ మిగలదు.

డ్రా అడగడం, క్లెయిమ్ చెయ్యడం ఎలా?

అడగాలంటే: ఎత్తు వెయ్యండి, డ్రా అడగండి, ఆపైన గడియారం నొక్కండి. ఈ వరుస తప్పొద్దు. పదేపదే అడిగితే విసిగించినట్టు లెక్క, ఆర్బిటర్ మందలించొచ్చు.

అదే స్థితి, అదే ఆటగాడి వంతుతో మూడోసారి రాబోతుంటే ఆ ఎత్తును బోర్డు మీద వెయ్యకుండా స్కోర్‌షీట్ మీద రాసి, గడియారం ఆపి ఆర్బిటర్‌కు చెప్పాలి. ముందే వేసి గడియారం నొక్కితే ఆ ఎత్తుకు హక్కు పోయింది. క్లెయిమ్ తప్పని తేలితే ఎదుటివాడికి 2 నిమిషాలు కలుస్తాయి, రాసిన ఎత్తే వెయ్యాలి. అయిదోసారి వస్తే ఎవరూ అడగక్కర్లేదు, డ్రానే. బంటు కదలకుండా, ఏదీ కొట్టకుండా ఇద్దరూ 50 ఎత్తులేసి వేస్తే అడగొచ్చు, 75 అయితే దానంతటదే డ్రా.

ఫోను బ్యాగులో పెట్టుకోవచ్చా?

ఆ టోర్నమెంట్ నిబంధనల్లో అనుమతి ఉంటేనే, పూర్తిగా స్విచాఫ్ చేసి, చెప్పిన చోట. ఒంటి మీద ఫోను కానీ స్మార్ట్ వాచీ కానీ బయటపడితే ఆట పోతుంది. దానికి వాదన ఉండదు. అన్నిటికంటే మేలు తల్లిదండ్రుల దగ్గరే వదిలేసి వెళ్లడం. హాల్లో పిల్లాడి కంటపడేలా నిలబడి సైగలు చెయ్యడం, మంచినీళ్లిచ్చే నెపంతో మాట్లాడటం పిల్లాడికే చేటు.

మొదటి రౌండ్ ఓడిపోతే ఇంటికొచ్చేయాలా?

లేదు. స్విస్ పద్ధతిలో ఎవరూ బయటికి పోరు, అన్ని రౌండ్లూ ఆడతారు. రేటింగ్ వరుసలో జాబితాను సగానికి విడగొట్టి పైసగంలో మొదటివాడిని కింది సగంలో మొదటివాడితో వేస్తారు. 120 మంది ఉంటే 1వ వ్యక్తికి 61వ వ్యక్తి. అందుకే రేటింగ్ లేని పిల్లలకు తొలి రౌండులోనే బలమైనవాళ్లు తగులుతారు. తర్వాత సమాన పాయింట్లవాళ్లు ఎదురవుతారు, అసలు ఆట అక్కడ మొదలు. సంఖ్య బేసి అయితే ఒకరికి బై, అంటే ఆడకుండానే 1 పాయింటు.

రేటింగ్ ఎలా వస్తుంది?

ముందు ఆలిండియా చెస్ ఫెడరేషన్‌లో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్, దానితో ఫిడే ఐడీ. రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం 5 ఆటలు ఆడాలి, ఒకే టోర్నమెంటులో అవసరం లేదు, 26 నెలల్లోపు కలుపుతారు. 2024 మార్చి నుంచి నియమం మారింది: కనీస రేటింగ్ 1400, దానికి తక్కువ వస్తే రేటింగ్ లేనట్టే. తొలి రేటింగ్ లెక్కలో 1800 ఉన్న ఇద్దరు ఊహా ప్రత్యర్థులతో రెండు డ్రాలు చేర్చుకుంటారు. తొలి టోర్నమెంటులో సున్నా వస్తే ఆ ఫలితాన్ని పక్కన పెడతారు. అంటే ఒక్క డ్రా అయినా చేసి రావడానికి విలువ ఉంది.

వచ్చాక, మొదటి 30 ఆటల వరకు గుణకం (ఒక ఆటకు రేటింగ్ ఎంత మారాలో తేల్చే సంఖ్య) 40. 18 ఏళ్లలోపు వాళ్లకు 2300 దాటేవరకు కూడా 40. సమాన రేటింగ్ వాడి మీద గెలిస్తే 20 పెరుగుతుంది. మీకంటే 200 ఎక్కువున్నవాడి మీద గెలిస్తే సుమారు 30, ఓడితే 10 లోపే పోతుంది. కాబట్టి పెద్దవాళ్లు ఎదురుపడితే అది అవకాశమే.

రోజూ ఇంట్లో ఎంతసేపు, ఏం చెయ్యాలి?

స్కూలు రోజుల్లో గంట చాలు. అందులో 25 నిమిషాలు ఎత్తుగడల లెక్కలు, 20 నిమిషాలు తన సొంత ఆట విశ్లేషణ, మిగతా 15లో ఎండ్‌గేమ్ లేదా ఓపెనింగ్. రాజూ ఒక బంటూ ఉన్న ముగింపుల్లో రాజులు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఎవరి వంతు అన్నది తేల్చుకోలేని పిల్లాడికి ఓపెనింగ్ పదిహేను ఎత్తులు నేర్పడం వృథా. పోయిన ఆటను ముందు కంప్యూటర్ సాయం లేకుండా, పెన్సిలుతో 'ఇక్కడ నేనేమనుకున్నాను' అని రాసుకుంటూ చూడాలి. ఆ తర్వాతే ఇంజిన్. లీచెస్ అనే వెబ్‌సైటులో ఇదంతా ఉచితం, కోచ్ దొరకని ఊళ్లకు అదొక పెద్ద ఆసరా.

రాజాం, పాలకొండ లాంటి చోట నుంచి పైకి రావడం కుదురుతుందా?

కోనేరు హంపి గుడివాడ నుంచి వచ్చి 2002లో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు, 2019లోనూ 2024లోనూ ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక గుంటూరువాళ్లు. ఓరుగల్లు కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో 2800 రేటింగ్ చేరాడు. వీళ్ల ఊళ్లలో సముద్రమంత వసతులేమీ లేవు. కావలసింది ఎదుటివాళ్లతో ఎక్కువ ఆటలు. ఆమదాలవలస, బొబ్బిలి, నెల్లిమర్ల పిల్లలు వారానికి ఒక ఆదివారం ఒకచోట కూడి, గడియారం పెట్టుకుని, స్కోర్‌షీట్ రాస్తూ రెండు పూర్తి ఆటలు ఆడుకుంటే, ఆన్‌లైన్లో వందల బ్లిట్జ్‌లు ఆడినదానికంటే మేలు.

ప్రయాణం, తిండి?

టోర్నమెంట్ విశాఖలో పడి ఉదయం రౌండు ఉంటే విజయనగరం వాళ్లు తెల్లవారి బయల్దేరినా అందుకోవచ్చు. పలాస, ఇచ్ఛాపురం వాళ్లు ముందు రోజు సాయంత్రమే చేరుకోవాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది కాబట్టి ఊళ్లోంచి అక్కడికి ఆటోకో బస్సుకో పట్టే టైమూ కలుపుకోండి. ఆలస్యమైతే ఎంతసేపటికి ఆట పోయినట్టు ప్రకటిస్తారో ప్రాస్పెక్టస్‌లో (టోర్నమెంట్ నిబంధనల పత్రంలో) ఉంటుంది, బయల్దేరక ముందే చూడండి. వేసవిలో రెండో రౌండుకు పిల్లలు డీలాపడేది ఆటవల్ల కాదు, కడుపునిండా పులిహోర తిని నిద్ర ముంచుకురావడం వల్ల. పొద్దున చోడి అంబలో ఇడ్లీయో, మధ్యాహ్నం కొద్దిగా పెరుగన్నం, మధ్యలో అరటిపండు, సీసా నిండా నీళ్లు. రెండు పెన్నులు.

చూసి నేర్చుకోవడానికి ఒక్క ఆట చెప్పండి.

1858లో పారిస్‌లో మోర్ఫీ, డ్యూక్ ఆఫ్ బ్రన్‌స్విక్, కౌంట్ ఇసువార్ల మీద ఆడింది. 1. ఈ4 ఈ5 2. గుర్రం ఎఫ్3 డీ6 3. డీ4, బిషప్ జీ4 4. డీ×ఈ5, బిషప్×ఎఫ్3 5. మంత్రి×ఎఫ్3 డీ×ఈ5 6. బిషప్ సీ4, గుర్రం ఎఫ్6 7. మంత్రి బీ3. మన సీ4 బిషప్ ఇక్కడ మంత్రితో కలిసి ఎఫ్7 మీద పడింది, బీ7 కూడా బెదిరింపులో ఉంది. 7... మంత్రి ఈ7 8. గుర్రం సీ3. బీ7 బంటు కొడితే మంత్రి బీ4 చెక్‌తో మంత్రులు మారిపోతాయని వదిలేసి, పావు బయటికి తీశాడు. 8... సీ6 9. బిషప్ జీ5 బీ5 10. గుర్రం×బీ5 సీ×బీ5 11. బిషప్×బీ5 చెక్, గుర్రం (బీ8ది) డీ7 12. పెద్దవైపు క్యాస్లింగ్, ఏనుగు డీ8 13. ఏనుగు×డీ7, ఏనుగు×డీ7 14. ఏనుగు డీ1, మంత్రి ఈ6 15. బిషప్×డీ7 చెక్, గుర్రం×డీ7 16. మంత్రి బీ8 చెక్, గుర్రం×బీ8 17. ఏనుగు డీ8 మేట్. ఆట అయ్యేసరికి నల్లవాడి ఎఫ్8 బిషప్, హెచ్8 ఏనుగు ఒక్కసారీ కదలలేదు. పిల్లాడిచేత పదో ఎత్తు దగ్గర ఆపించి, ఎవరివి ఎన్ని పావులు బయటికొచ్చాయో లెక్కపెట్టించండి.

పాయింట్లు సమానమైతే బహుమతి ఎవరికి?

ప్రాస్పెక్టస్‌లో రాసిన టైబ్రేక్ వరుసను బట్టి. చాలాచోట్ల బుఖోల్జ్ ఉంటుంది: మీరు ఆడిన ప్రత్యర్థులందరి పాయింట్ల మొత్తం. 'కట్ 1' అంటే వాళ్లలో అతి తక్కువ పాయింట్లవాడిని తీసేసి లెక్కవేస్తారు. ముఖాముఖి ఫలితం ముందుంటే ఇద్దరూ ఆడిన ఆటలో గెలిచినవాడు పైన. ఇవేవీ చివరి రౌండు అయ్యేవరకు తేలవు, కాబట్టి ఫలితాల పట్టిక అంటించాక, బహుమతులు ఇచ్చే ముందే సరిచూసుకుని, తేడా ఉంటే స్కోర్‌షీట్ చేత్తో పట్టుకుని ఆర్బిటర్ దగ్గరికి వెళ్లండి.